ఆఖరి బస్సు ఎన్నింటికి?

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నోళ్ళకి వినబడుతోందా, చెయ్యి ఊపండి... సరే.

ఒక ఊరికి బస్సు సౌకర్యం బాగుందా లేదా అని ఎట్లా తేలుస్తాం? డిపోలో అడిగితే ఇన్ని సర్వీసులు, ఇన్ని కిలోమీటర్లు, ఓఆర్ ఇంత, అంటే సీట్లు ఏ మేరకు నిండాయో ఆ లెక్క, ఈపీకే ఇంత, అంటే కిలోమీటరుకి వచ్చిన రాబడి అని చెప్తారు. అదే ఊళ్ళో ఒక పెద్దామెని అడగండి, ఆమె ఎదురు ఒక్కటే అడుగుతుంది, ఆఖరి బస్సు ఎన్నింటికి బిడ్డా అని. పొద్దున పోవడం ఎవరైనా ఎట్లనో పోతారు, ఆటోనో, ఎవరి బండి వెనకనో. తిరిగి ఇల్లు చేరడమే అసలు సంగతి. నేనైతే ఆ పెద్దామె లెక్కే పట్టుకుంటా.

సిటీలకి ఒక లెక్క ఉంది లెండి. 2009లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సర్వీస్ లెవెల్ బెంచ్‌మార్కులు అని పెట్టింది. వెయ్యి మందికి 0.6 బస్సు, ఆ పైన ఉంటే ఒకటో లెవెల్, 0.2 కన్నా తగ్గితే నాలుగో లెవెల్, అంటే అన్నిటికన్నా కింద. స్టాపులో 4 నిమిషాల్లోపు బస్సొస్తే ఒకటో లెవెల్, 10 నిమిషాలు దాటితే నాలుగు. నవ్వకండి, నిజంగానే అట్లా ఉంది. హైదరాబాద్‌లో కోటి మంది అనుకుంటే ఒకటో లెవెల్‌కి 6000 బస్సులు కావాలి, ఉన్నవి అందులో సగం చుట్టూనే. ఇంకో తమాషా చూడండి, ఆ బెంచ్‌మార్కుల్లో సీట్లకి రెండున్నర రెట్లు మించి జనం ఎక్కితే అది నాలుగో లెవెల్, డిపో రిజిస్టర్‌లో మాత్రం ఓఆర్ పెరిగిందంటే మెచ్చుకోలు. ఒకే బస్సు, లోపల వేలాడేటోడికి ఫెయిల్, పుస్తకంలో పాస్.

ఆ లెక్క సిటీల కోసం రాసింది, మన పల్లెలకి పనికిరాదు. వెయ్యి మందికి ఇన్ని బస్సులు అంటే 400 మంది ఉన్న గూడేనికి ఏమొస్తది, బస్సులో పావు ముక్కనా? మండలం మొత్తానికి సగటు తీస్తే అంతా బాగానే కనబడుతుంది, ఎందుకంటే బస్సులన్నీ మెయిన్ రోడ్డు మీదే తిరుగుతుంటాయి, లోపలి ఊళ్ళు ఆ సగటులో మునిగిపోతాయి.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకి ఫ్రీ, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఇచ్చారు. మంచి పనే, నేను వ్యతిరేకం కాదు. కానీ బస్సే రాని ఊళ్ళో అక్కకి జీరో టికెట్ ఎవరు కొట్టాలి? టికెట్ హక్కు ఇచ్చాం, బస్సు హక్కు ఇవ్వలేదు, నా గొడవంతా అదే.

స్విట్జర్లాండ్‌లో ఇది నియమంగా రాసుకున్నారు. ఏడాది పొడుగునా 100 మంది ఉండే చోటైతే చాలు, ప్రాంతీయ రవాణా లెక్కలోకి వస్తుంది. రూటులో బాగా రద్దీ ఉండే ముక్కలో రోజుకి సగటున 32 మంది దాటితే కనీసం 4 సార్లు పోను, 4 సార్లు రాను. 500 దాటితే 18 సార్లు, అంటే గంటకొకటి. టికెట్ల డబ్బుతో పూడని ఖర్చు కేంద్రం, అక్కడి రాష్ట్రాలు కలిసి కట్టుకుంటాయి. వాళ్ళది డబ్బున్న దేశం, నిజమే, ఆ అంకెలు మనకి అక్కర్లేదు. ముందు కనీసం ఎంతో తేల్చి, తర్వాత లోటు ఎవరు కట్టాలో తేల్చారు చూశారా, ఆ వరస కావాలి. మన దగ్గర తలకిందులు, ముందు లోటు చూస్తాం, తర్వాత ట్రిప్పు కోస్తాం, ట్రిప్పు కోస్తే ఉన్న జనం కూడా ఆటో ఎక్కుతారు, మళ్ళీ ఓఆర్ పడిపోయిందని మిగిలిన ట్రిప్పు కోస్తాం.

మరి మనకి కనీసం అంటే ఎంత? నా లెక్క ట్రిప్పుల్లో ఉండదు, పనుల్లో ఉంటది. కాలేజీ పిల్ల మొదటి పీరియడ్‌కి అందాలి, సాయంత్రం ఇంటికి రావాలి. బీపీ మందుల కోసం పోయిన తాత ఓపీ అయ్యాక పొద్దు పోయేదాకా స్టాండులో పడిగాపులు కాయకూడదు. సంతనాడు గంపకి కూడా చోటుండాలి. ఈ మూడూ కుదిరితే మూడు ట్రిప్పులైనా చాలు, కుదరకపోతే ఆరు తిప్పినా డీజిల్ దండగ.

డ్రైవరన్నల కష్టం కూడా చూడాలి మరి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్యూటీ 8 గంటలు, మధ్యలో విరామాలతో కలిపినా 12 గంటలు దాటకూడదు. పొద్దున ఆరింటి బస్సు, రాత్రి ఎనిమిదింటి బస్సు ఒకే మనిషితో నడవవు. పాతకాలం నైట్ హాల్ట్ బస్సు తెలివి అక్కడే ఉంది, మధ్యాహ్నం డ్యూటీ ఎక్కి, రాత్రికి ఊళ్ళో పడుకుని, తెల్లారి మొదటి ట్రిప్పు కొట్టి దిగిపోతారు. ఆఖరి బస్సూ అదే, మొదటి బస్సూ అదే, మధ్యలో ఖాళీగా తిరిగే కిలోమీటర్లూ ఉండవు. మా చిన్నప్పుడు మా ఊరికి అట్లాంటిదొకటి వచ్చేది, మర్రిచెట్టు కింద ఆగేది, కండక్టర్‌కి పంచాయతీ అరుగు మీద చాప వేసేవాళ్ళం. ఇప్పుడు చాప చాలదు, తలుపున్న గది, ఫ్యాను, బాత్రూం ఇవ్వాలి, అది పంచాయతీ చెయ్యగలిగిన పనే.

ఇప్పుడు ఒక కాగితం మీ దగ్గరికి వస్తది. ఊరి పేరు రాసి, పక్కన మొదటి బస్సు టైము, ఆఖరి బస్సు టైము రాయండి. అసలు బస్సే లేకపోతే ఖాళీ వదిలేయకండి, లేదు అని పెద్ద అక్షరాలతో రాయండి. పెన్ను లేనోళ్ళు పక్కనోళ్ళని అడగండి.