వారానికి ఒక్కరోజు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటే నా టైమంతా దానికే సరిపోతుంది, వాళ్లు ఏమీ అనుకోరు. ఫార్మసీ టెక్నీషియన్లు కాబోయే మీకు మందుల ఓనమాలు చెప్పమన్నారు.

మందు పేరు చివర ఏముందో చూడటం అలవాటు చేసుకోండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ బీపీ మందులు. అటొర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్ట్రాల్‌కి. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ కడుపులో యాసిడ్‌కి. అలాగని పూర్తిగా దాన్నే నమ్ముకుంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే. నిస్టాటిన్ ఫంగస్ మందు. అరిపిప్రజోల్ మానసిక వ్యాధికి ఇచ్చేది.

డోసుల సంగతి చెప్పాలి... ఉండండి, ముందు మెథోట్రెక్సేట్ గురించి చెప్పేస్తాను. అసలు నేను వచ్చిందే దానికోసం. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి ఈ మందు వారానికి ఎన్నిసార్లు? వెనక బెంచీ వాళ్లు చెప్పండి. ఒక్కసారి! రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతింటుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోయిన సందర్భాలున్నాయి.

ఒక పెద్దావిడ మా కౌంటర్‌కి వచ్చి నోటిపూతకి జెల్ అడిగారు. మా దగ్గర పనిచేసే అమ్మాయి జెల్ తీసిచ్చేయకుండా, "ఇంకేం మందులు వాడుతున్నారమ్మా?" అంది. ఆవిడ సంచీలోంచి తీసిన కవరు మీద "రోజూ రాత్రి భోజనం తర్వాత" అని ఉంది. లోపల మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు, సగం ఖాళీ. ఆ నోటిపూత దాని పనే. ఇంకో చోట ఇచ్చిన కవరు, ఎక్కడో చెప్పను. వెంటనే ఆసుపత్రికి పంపాం, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు, బతికారు.

తర్వాత అందరూ ఆ కవరు రాసిన కుర్రాణ్ని తిట్టారు. నాకు మండేది అక్కడే. చీటీలో వారం అన్న మాట కోడిగీతల్లో ఉంది. కంప్యూటర్‌లో మందు పేరు కొట్టగానే "రోజూ" అని దానంతటదే వస్తోంది. వాటిని అడిగినవాడు లేడు! కవరు మీద ఏ వారమో పూర్తిగా రాయండి: "బుధవారం మాత్రమే". తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చాలాసార్లు చిన్న పసుపు బిళ్లే, రెండూ ఒకే కవర్లో పెట్టకండి. చీటీ అర్థం కాకపోతే ఫార్మసిస్టుకి చూపించండి, డాక్టర్‌కి ఫోన్ చేయించండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

టైమైందని సైగ చేస్తున్నారు. డోసుల ముక్క గబగబా చెప్పేస్తాను. 0.5 రాసేటప్పుడు ముందు సున్నా వదిలేస్తే, చుక్క కనబడక 5 అవుతుంది. 1 అని రాయాల్సిన చోట 1.0 రాస్తే 10గా చదువుతారు. ఇన్సులిన్‌కి "యూనిట్లు" అని పూర్తిగా రాయండి, ఇంగ్లిష్ పొడి అక్షరం U ఒక్కటే రాస్తే సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే కరిగాక కూడా ఇవ్వకూడదు, పారేయాల్సిందే.

పారాసెటమాల్ మిగిలిపోయింది. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుందని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. సరే, ఎత్తనివాళ్లు టీ టైమ్‌లో నా దగ్గరికి రండి.