టేపు, అద్దం, పది నిమిషాలు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు బ్రా సైజు గురించి మాట్లాడతాను. చెప్పుల సైజు గురించీ జాకెట్ కొలతల గురించీ ఎంత మామూలుగా మాట్లాడుకుంటామో, దీని గురించీ అంతే మామూలుగా చెబుతాను. రోజులో పది పన్నెండు గంటలు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బట్ట ఇది. దాని కొలత తెలియక బాధపడేవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి, ముందు నా సంగతే చెబుతాను.

మొదటిసారి కొన్నప్పుడు ఛాతీ చుట్టూ టేపు పెడితే 36 వచ్చింది. అంతే, ఇక చాలా ఏళ్ళు 36బి తప్ప వేరేది ముట్టుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి విప్పేసరికి భుజాల మీద రెండు ఎర్రటి గాట్లు. వేలు పెడితే లోతు తెలిసేది. వెనక పట్టీ పైకి పాకుతూనే ఉండేది, రోజంతా చెయ్యి వెనక్కి పోనిచ్చి లాక్కుంటూ ఉండేదాన్ని. ఆడవాళ్ళకి ఇది మామూలే అనుకున్నాను. ఒకరోజు బట్టలు కుట్టే మా పిన్ని నా అవస్థ చూసి టేపు తీసింది. "ఛాతీ కింద 32 ఉంటే 36 పట్టీ ఎలా నిలుస్తుందే?" అంది.

ఆ మాటతో నాకు అసలు విషయం అర్థమైంది. లేబుల్ మీద ఉండే అంకె పట్టీకి సంబంధించినది, అంటే రొమ్ముల కింద పక్కటెముకల చుట్టుకొలతను బట్టి వచ్చేది. పక్కనున్న అక్షరం కప్పుది. రొమ్ములు ఎత్తుగా ఉన్న చోట తీసే పైకొలతకీ, ఈ కింది కొలతకీ ఎన్ని అంగుళాల తేడా ఉందో అది చెబుతుంది. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. ఈ అక్షరాలు 1930లలో అమెరికాలో వాడుకలోకి వచ్చాయి. నాకు కింద 32, పైన 36, తేడా నాలుగు. డి అనగానే కంగారుపడ్డాను, అది బాగా పెద్ద సైజని నా మనసులో ఉండేది. నిజానికి అక్షరం ఒక్కటే ఏమీ చెప్పదు. 32డి కప్పులో పట్టేది, 34సిలో పట్టేది, 36బిలో పట్టేది దాదాపు ఒకటే. అందుకే ఇన్నేళ్ళూ కప్పు సరిపోయినట్టే అనిపించింది. పట్టీ మాత్రం వదులు. మోయాల్సిన బరువులో ఎక్కువ భాగం ఆ పట్టీయే మోయాలి. అది వదులైతే భారమంతా భుజాల మీద పడి స్ట్రాప్‌లు కోసుకుపోతాయి. స్ట్రాప్‌లు బిగించినకొద్దీ వెనక పట్టీ ఇంకా పైకి పోతుంది.

ఇక కొలవడం ఎలాగో చెబుతాను. దర్జీ టేపు ఒకటి, అద్దం ఒకటి ఉంటే చాలు. టేపు లేకపోతే సాగని నూలు తాడు చుట్టి, దాన్ని స్కేలు మీద పెట్టి చూసుకోండి. బ్రా లేకుండా గానీ, ప్యాడింగ్ లేని పల్చటిది వేసుకుని గానీ నిలబడండి. మొదట రొమ్ముల కింద, సరిగ్గా అవి ఒంటికి కలిసే చోట టేపు చుట్టండి. ఊపిరి వదిలేసి, టేపు ఒంటికి అతుక్కుని ఉండేలా పట్టుకోండి, నొక్కుకుపోకూడదు. పక్కకి తిరిగి అద్దంలో చూడండి. వెనక వైపు టేపు జారిందంటే కొలత తప్పుతుంది. ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి.

రెండోది, రొమ్ములు బాగా ఎత్తుగా ఉన్న చోట కొలవడం. ఇక్కడ టేపు బిగించొద్దు, ఊరికే ఆనించండి. పాలిచ్చాకో, వయసు వల్లో కిందికి జారినవాళ్ళకి నిలబడి తీసిన కొలత తక్కువ వస్తుంది. అలాంటివాళ్ళు నడుము దగ్గర ముందుకు వంగి, వీపు నేలకి సమాంతరంగా పెట్టి ఇంకోసారి కొలవండి. రెండింటికీ సగటు తీసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఒక రొమ్ము ఇంకోదానికంటే కొంచెం పెద్దగా ఉండడం చాలామందికి ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పెద్దదానికి సరిపడే కప్పు తీసుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. కింది కొలతకి నాలుగో ఐదో అంగుళాలు కలిపి పట్టీ సైజు అనుకునే పాత పద్ధతి ఒకటుంది. కొన్ని కంపెనీల చార్టులు ఇప్పటికీ దాని మీదే నడుస్తాయి, కొన్ని కలపవు. అంతేకాదు, కొన్ని లేబుళ్ళ మీద 70, 75, 80 అని యూరప్ సైజులుంటాయి. చార్టులో 32 ఎదురుగా 70 కనిపిస్తుంది, కానీ 32 అంగుళాలంటే 81 సెంటీమీటర్లు. కాబట్టి లెక్క కట్టి మార్చుకోవద్దు. డి దాటాక అక్షరాల పేర్లు కూడా కంపెనీని బట్టి మారిపోతాయి. మీ రెండు కొలతలూ కాగితం మీద రాసుకుని, కొనే కంపెనీ చార్టులో వెతుక్కోండి. నేను 32డి, 34సి రెండూ వేసి చూశాను. 32 ఊపిరి బిగబట్టినట్టుంది, 34 అతికినట్టు సరిపోయింది. టేపు ఒక దారి చూపిస్తుంది, చివరికి వేసి చూసుకున్నదే లెక్క.

వేసి చూసేటప్పుడు కొత్త బ్రాని అన్నిటికంటే వదులుగా ఉండే హుక్కుకి పెట్టండి. ఎలాస్టిక్ వాడకంతో సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులకి మారొచ్చు. మొదటి రోజే లోపలి హుక్కు కావాల్సివస్తే పట్టీ పెద్దదైనట్టే. వెనక పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకుమించి వదులుండకూడదు. తర్వాత ముందుకు వంగి, చంక వైపు మిగిలిన కండని చేత్తో కప్పులోకి సర్దండి. ఈ పని చేశాక కప్పు చాలట్లేదని అప్పుడే తెలిసేవాళ్ళు చాలామంది. పై అంచు దగ్గర ఉబ్బితే కప్పు చిన్నది, ముడతలు పడి ఖాళీగా ఉంటే పెద్దది. రెండు కప్పుల మధ్య భాగం రొమ్ముటెముకకి ఆనుకుని ఉండాలి. వైరు ఉన్నదైతే ఆ వైరు రొమ్ము కిందే ఉండాలి, కండ మీదికి ఎక్కకూడదు. చేతులు పైకెత్తి చూడండి, పట్టీ కదలకపోతే సరిపోయినట్టు.

ఉతకడం గురించి ఒక్క మాట. చేత్తో ఉతికి, పిండకుండా నీళ్ళు నొక్కి తీసి నీడలో ఆరేయండి. ఒకే దాన్ని వరసగా రోజూ వేయకండి, ఎలాస్టిక్‌కి మళ్ళీ బిగువు తెచ్చుకునే వ్యవధి కావాలి.

బ్రా వేసుకుంటే కేన్సర్ వస్తుందని కొందరు భయపెడుతుంటారు. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. కానీ కొలుచుకునేటప్పుడు అద్దం ముందు ఎలాగూ నిలబడతారు కదా, అప్పుడే ఒకసారి చూసుకోండి. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, అందులోంచి రక్తం లాంటిది కారినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

కాగితం మీద కొలతల పక్కన తేదీ కూడా వేయండి. బరువు పెరిగినా తగ్గినా, కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా, నెలసరి ఆగిపోయినా ఆ అంకెలు మారతాయి. ఎదిగే ఆడపిల్లలకైతే కొన్ని నెలలకే మారిపోతాయి. ఆ పిల్లలు అడగడానికి సిగ్గుపడతారు, తల్లులే టేపు చేతికిచ్చి, తలుపు వేసుకుని కొలుచుకోమని చెప్పండి. ఎలా కొలవాలో ఒకసారి చూపించండి, రెండోసారి వాళ్ళే చూసుకుంటారు. నమస్కారం.