సెకండ్ హ్యాండ్ కారు సెల్ఫ్ తీసుకోవట్లేదా? కొత్త బ్యాటరీ కొనేముందు ఇది చూడండి

నమస్తే అండి. ముందు ఈ సౌండు వినండి. తాళం తిప్పుతున్నా... టక్. విన్నారా? ఇంకోసారి. టక్. అంతే. డ్యాష్‌బోర్డు లైట్లు బాగానే వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇదిగో వైపర్లు కూడా తిరుగుతున్నాయి. ఇంజిన్ మాత్రం కదలట్లేదు.

ఈ బండి నాదే. 2012 మోడల్, పెట్రోల్, నేను మూడో ఓనర్ని. ఈ లోపం నన్ను రెండు నెలలు తిప్పింది. బాగైపోయింది, కానీ ఇవాళ మీకు చూపించాలని ఆ పాత ముక్క మళ్ళీ బిగించాను. అదేంటో చెప్తా, కొంచెం ఆగండి.

మొదలుపెట్టేముందు హ్యాండ్ బ్రేక్ లాగండి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. చేతికి ఉంగరం, కడియం, స్టీలు చెయిన్ వాచీ ఉంటే తీసి పక్కన పెట్టండి. పానా, ఉంగరం రెండూ కలిసి బ్యాటరీ ప్లస్‌కీ బాడీకీ తగిలాయంటే వేలు కాలిపోతుంది. ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

సరే. తాళం తిప్పినప్పుడు వచ్చే సౌండే సగం సంగతి చెప్పేస్తుంది. టకటకటకటక అని గబగబా కొట్టుకుంటూ, లైట్లు డిమ్ అయిపోతుంటే బ్యాటరీలో దమ్ము లేనట్టు, లేదంటే టెర్మినల్ లూజు. ఇంజిన్ రుయ్ రుయ్ రుయ్ అని బాగా తిరుగుతూ అంటుకోకపోతే, అది పెట్రోల్, స్పార్క్, ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) లైను. దాని దగ్గరికి చివర్లో వస్తా. అసలు సౌండే లేకపోతే ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్ డబ్బా), ఇగ్నిషన్ స్విచ్ చూసుకోవాలి. కొన్ని బండ్లలో క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది, అదీ చూడండి. ఆటోమేటిక్ అయితే లివర్ పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందో లేదో. ఇక నా బండిలాగా ఒకే ఒక్క టక్ అయితే బ్యాటరీ కావచ్చు, సెల్ఫ్ మోటర్ కావచ్చు, వైర్లు కావచ్చు. మూడూ ఒకేలా వినిపిస్తాయి, అందుకే డబ్బులు ఇక్కడే పోతాయి.

బ్యాటరీ చూద్దాం. మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాను. ఎరుపు ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. 12.6. ఫుల్లు. 12.4 ఉన్నా ఫర్వాలేదు, 12.2 అంటే సగానికి వచ్చింది, 12 కన్నా దిగితే ముందు ఛార్జింగ్ పెట్టండి, తర్వాతే మిగతా పరీక్షలు. రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక కొలవండి. నడిపి ఆపగానే కొలిస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

టెర్మినల్స్ మీద ఇలా తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంటే వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. పదో నంబర్ పానా సరిపోతుంది. మల్టీమీటర్ గురించి అడుగుతుంటారు, నాది పెద్ద ఖరీదైనదేమీ కాదు, మామూలు డిజిటలే. మొసలి క్లిప్పులున్న వైర్లు మాత్రం విడిగా కొనుక్కోండి. ఒక్కరే పని చేసుకునేటప్పుడు అవే రెండో మనిషి.

ఇప్పుడు బ్యాటరీకి మీటరు తగిలించే ఉంచి సెల్ఫ్ కొడుతున్నా. టక్... 12.1. చూశారా? సెల్ఫ్ కొట్టినా పెద్దగా పడలేదు. బ్యాటరీ పోయినదైతే ఇక్కడ అంకె 9, 8, ఇంకా కిందికి జారిపోయేది. అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, కరెంటే దారిలో ఎక్కడో ఆగిపోతోంది. అప్పట్లో ఈ ఒక్క కొలత తీసుకోకుండానే నేను కొత్త బ్యాటరీ వేయించేశాను. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు మళ్ళీ టక్. తర్వాత సెల్ఫ్ మోటర్ దింపించి కార్బన్ బ్రష్‌లు మార్పించా. మళ్ళీ వారం బాగుంది. ఒక తెల్లవారుజామున అమ్మని రైలెక్కించాలి. సంచులన్నీ డిక్కీలో సర్దేశాం, అమ్మ వెనక సీట్లో కూర్చుంది, తాళం తిప్పితే టక్. ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను. రైలు అందింది కానీ, ఆ రోజే అనుకున్నా, ఇక కొలవకుండా ఏదీ మార్చకూడదని.

ఇక్కడ నెమ్మదిగా చూడండి. సెల్ఫ్ మోటర్‌కి ప్లస్ లావు కేబుల్‌లో వస్తుంది, అది అందరికీ కనిపిస్తుంది. మరి తిరిగి వెళ్ళే దారి? ఇంజిన్ లోహమే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరులో కరెంటు పోదు. అందుకని గేర్‌బాక్స్ నుంచి బాడీకి ఒక ఎర్త్ కేబుల్ ఉంటుంది, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి ఇంకోటి. ఇదిగో, కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన. లైటు వేస్తా... కనిపిస్తోందా? కొన్ని బండ్లలో బ్యాటరీ మైనస్ నుంచే నేరుగా ఇంజిన్‌కి వెళ్తుంది.

నేను ఈ కేబుల్‌ని అనుమానించకపోలేదు. మీటరు బీప్ మోడ్‌లో పెట్టి ఈ చివర, ఆ చివర ముట్టించా. బీప్... ఇప్పుడూ మోగుతోంది చూడండి. మోగింది కదా, కేబుల్ బాగుందని వదిలేశా. నా రెండు నెలలూ అక్కడే పోయాయి. ఎందుకంటే, బీప్ పరీక్షలో మీటరు పంపేది చాలా చాలా చిన్న కరెంటు. లోపల ఒక్క తీగ మిగిలినా అది దాటేస్తుంది. సెల్ఫ్ మోటర్ లాగేది 100 ఆంపియర్ల పైమాటే. దారిలో 0.05 ఓమ్ అడ్డం ఉందనుకోండి, ఈ మీటర్లు దాన్ని సరిగ్గా చూపించలేవు, కానీ 100 ఆంపియర్ల దగ్గర 5 వోల్టులు అక్కడే తినేస్తుంది. 12లో 5 పోతే మోటర్ ఏం తిరుగుతుంది?

కాబట్టి లోడ్ మీద, అంటే సెల్ఫ్ కొడుతున్నప్పుడే కొలవాలి. మీటరు మళ్ళీ డీసీ 20. నలుపు క్లిప్పు బ్యాటరీ మైనస్ సీసపు పోస్ట్ మీద పెట్టండి. దాన్ని పట్టుకున్న కేబుల్ క్లాంప్ మీద కాదు, పోస్ట్ మీదే. ఎరుపు క్లిప్పు ఇంజిన్ మీద, పెయింటూ గ్రీజూ లేని లోహం మీద. ఇప్పుడు సెల్ఫ్. టక్... 4.6! రెండు చోట్లా ఉన్నది ఎర్తే, మధ్యలో సున్నాకి దగ్గరగా ఉండాలి. 0.2 లోపు మంచిది. 0.5 దాటితే ఎక్కడో తప్పున్నట్టే. ఎక్కడో తెలియాలంటే ఎరుపు క్లిప్పు ఒక్కో అడుగూ జరుపుతూ పోవడమే. క్లాంప్ మీద... 0.02. బాడీ మీద... 0.1. ఇంజిన్ మీద... 4.6. బాడీకీ ఇంజిన్‌కీ మధ్యలో. దొరికింది.

ఇప్పుడు ఆ కేబుల్ విప్పుతున్నా. చేతిలో పెట్టుకుని చూస్తే ఏ లోపం లేదు కదా? కానీ ఈ చివర నల్ల టేపు చుట్టి ఉంది. కంపెనీ నుంచి టేపు చుట్టి రాదు. ఎవరో ఎప్పుడో గేర్‌బాక్స్ దింపినప్పుడు లాగేసి, టేపు చుట్టి మళ్ళీ బిగించారు. విప్పుతా, దగ్గరగా చూడండి. ఈ పచ్చటి పొడి రాలుతోంది చూశారా, అదంతా ఒకప్పటి రాగి. తీగలు విరిగిపోయి, ఒకటి, రెండు, మూడు... ఓ ఆరేడు మిగిలాయి. చల్లటి ఉదయం ఇంజిన్ ఆయిల్ చిక్కబడి మోటర్ ఎక్కువ కరెంటు అడిగినప్పుడు చాలేవి కావు, మధ్యాహ్నం ఎలాగో నెట్టుకొచ్చేవి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నాక బానెట్ ఎత్తి, మొదట టేపు ఎక్కడెక్కడ చుట్టి ఉందో వెతకండి. అలారం, స్టీరియో, సెంట్రల్ లాకింగ్, ఏది పెట్టించినా జాడ టేపు రూపంలోనే ఉంటుంది. వానాకాలంలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూసుకోండి.

విప్పకుండానే నిర్ధారణ కావాలంటే నాకిష్టమైన ఉపాయం ఒకటుంది. జంపర్ కేబుల్స్‌లో నల్లది తీసి, ఒక చివర బ్యాటరీ మైనస్‌కి, ఇంకో చివర ఇంజిన్ లోహానికి. సెల్ఫ్ కొట్టండి. ఠక్కున స్టార్ట్ అయిందంటే ఎర్త్‌దే తప్పు. రోడ్డు మీద ఆగిపోయినా ఇలా ఇంటికి చేరొచ్చు.

కొత్త కేబుల్ నేను విజయవాడ ఆటోనగర్‌లో కొలత ఇచ్చి చేయించుకున్నా. పాతదానికన్నా సన్నగా తీసుకోకండి. బోల్టు కింద పెయింటు, తుప్పు ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది మెరిసే లోహం కనిపించాకే బిగించండి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ. టకటకా బిగించేస్తున్నా... అయింది.

ఇంజిన్ తిరిగి అంటుకోని కేసు చెప్తానన్నా కదా. తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి, పెట్రోల్ పంపు ఒకటి రెండు సెకన్లు జూమ్ అంటుంది. అనకపోతే ఫ్యూజు, రిలే చూడండి. అదే నంబరు రిలే హారన్‌దో ఇంకొకటో ఉంటే మార్చి చూడొచ్చు. డ్యాష్‌లో తాళం బొమ్మ లైటు కొట్టుకుంటుంటే తాళంలో చిప్పు సంగతి. పాత ఓనరు డూప్లికేట్ తాళం ఇచ్చి ఉంటే ఇది మామూలే, రెండో తాళంతో ప్రయత్నించండి. 2013 తర్వాతి బండి అయితే స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కి (బండి తన లోపాలు చెప్పే చోటు) చిన్న బ్లూటూత్ స్కానర్ తగిలిస్తే ఫోన్లోనే లోపం కోడ్ చెప్తుంది.

సరే, మీటరు మళ్ళీ పెట్టా. నలుపు మైనస్ పోస్ట్, ఎరుపు ఇంజిన్. తాళం తిప్పుతున్నా... వినండి... అందుకుంది! సెల్ఫ్ కొడుతున్నప్పుడు అంకె చూశారా, 0.09. ఇప్పుడు ఎరుపు బ్యాటరీ ప్లస్‌కి మారుస్తున్నా... 14.1, ఛార్జింగ్ కూడా ఎక్కుతోంది. క్లిప్పులు తీసేసి బానెట్ దించేస్తున్నా. బండి పది రోజులు నిలబెడితే బ్యాటరీ దిగిపోయే గొడవ వచ్చే వీడియోలో చూద్దాం. ఈ మీటరే చాలు, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.