ఊడ్వని మూలన దిగే వలస పిట్టలు

సభకు నమస్కారం.

దసరా నాడు పాలపిట్టను చూడడానికి ఊరి చివరకు వెళ్లే ఆచారం మనందరికీ తెలిసిందే. పాలపిట్ట ఇక్కడే ఉండే పక్షి. సరిగ్గా ఆ రోజుల్లోనే హిమాలయ పాదాల నుంచీ, తూర్పు ఆసియా అడవుల నుంచీ దక్షిణానికి తరలే చిన్న పిట్టలు రాత్రివేళ మన హైదరాబాదు మీదుగా సాగిపోతుంటాయి. వాటిలో కొన్ని తెల్లవారుజామున మన పార్కుల్లో దిగి, కొద్ది రోజులు మేత మేసి, ఒక రాత్రి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతాయి. ఆ కొద్ది రోజుల బస గురించే ఈ రోజు మాట్లాడతాను.

ఇంత చిన్న ప్రాణులు రాత్రిపూటే ప్రయాణించడానికి బలమైన కారణాలున్నాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది; డేగల బెడద తక్కువ; పగలంతా తిండి వెతుక్కోవడానికి మిగులుతుంది. ఒంట్లో కూడబెట్టుకున్న కొవ్వే వాటికి దారిబత్తెం. అది కరిగిపోయే వేళకు కింద భవనాల నడుమ పచ్చగా ఎక్కడ కనిపిస్తే అక్కడ దిగాలి. కేబీఆర్ పార్కు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, వనస్థలిపురంలోని హరిణ వనస్థలి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ వాటికి అలాంటి మజిలీలు.

ఇక్కడ దిగే పిట్టల్లో అందరి మనసూ దోచేది పొన్నంకి పిట్ట (ఇండియన్ పిట్టా). ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లని పట్టీ, పొట్టి తోక కింద కుంకుమ ఎరుపు; ఇన్ని రంగులున్నా అది సులభంగా కంటబడదు. గుబురు పొదల నీడలో నేల మీద తిరుగుతూ, ముక్కుతో ఎండుటాకులను ఒక్కొక్కటిగా పక్కకు విసిరి, వాటి కింది పురుగులను ఏరుకుంటుంది. అందుకే దాన్ని వెతికేవారు చెట్ల కొమ్మలకేసి చూడకుండా ఒకచోట కదలక నిలబడి ఆకుల అలికిడి వినాలి. పొద్దు పొడిచేటప్పుడూ, పొద్దు గూకేటప్పుడూ రెండు స్వరాల ఈల వేస్తే ఇక సందేహం అక్కరలేదు.

ఫారెస్ట్ వ్యాగ్‌టెయిల్‌ను పోల్చుకోవడం ఇంకా తేలిక. రొమ్ము మీద రెండు నల్లని పట్టీలుంటాయి; దాని బంధువులన్నీ తోకను పైకీ కిందికీ ఆడిస్తే, ఇది తోకతో పాటు ఒంటిని పక్కలకు ఊపుతుంది. ఆరెంజ్ హెడెడ్ థ్రష్ విషయంలో మాత్రం ఓపిక కావాలి. మన ద్వీపకల్పంలో ఉండే రకానికి తెల్లని చెంప మీద రెండు నల్లని నిలువు చారలుంటాయి. ఆ చారలు లేకుండా తలంతా నారింజ రంగులోనే ఉన్నది కనిపిస్తే, అది హిమాలయాల నుంచి వచ్చినది. రోజూ కనిపించే పక్షి చెంపను శ్రద్ధగా చూసినవారికే ఆ అరుదైన రాక తెలుస్తుంది. కశ్మీరులో గూడు కట్టి, నీలగిరుల్లోనూ శ్రీలంకలోనూ చలికాలం గడిపే కశ్మీర్ ఫ్లైక్యాచర్ కూడా దక్కన్ మీదుగా సాగేదే. ఎర్రని గొంతున్న చిన్న పిట్ట ఎదురైనప్పుడు, ఆ ఎరుపు రొమ్ము మీదికి పాకి, దాని అంచున నల్లని గీత ఉందేమో తప్పక చూడండి; ఉంటే అది కశ్మీర్ ఫ్లైక్యాచరే కావచ్చు.

పొన్నంకి పిట్ట, వ్యాగ్‌టెయిల్, థ్రష్ మూడూ రాలిన ఆకుల్లో మేసేవే. అందుకే పార్కుల నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పార్కులో ఒక మూలనైనా ఊడ్వకుండా వదిలేయండి. నడకదారులు శుభ్రంగా ఉండాల్సిందే, కాదనను. కానీ పొదలు నరికి, ఆకులు తగలబెట్టి, చెట్ల కింద గడ్డి తివాచీ పరిస్తే చెదలూ, పురుగులూ, వానపాములూ ఉండే నేల పోతుంది. రాత్రంతా ఎగిరి అలసి దిగిన పిట్ట అక్కడ ఏం తింటుంది? పెద్ద దీపాలు కూడా రాత్రి ప్రయాణికులను దారి తప్పిస్తాయి. పార్కు మూసేశాక వాటిని ఆర్పితే కరెంటు కూడా ఆదా అవుతుంది.

చూసినది రాసి ఉంచండి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసి, ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో నమోదు చేశారు కనుకనే నేటి పరిస్థితితో పోల్చుకోగలుగుతున్నాం. ఇప్పుడు ఈబర్డ్ యాప్‌లో తేదీ, చోటు, సంఖ్య నమోదు చేయడం ఎవరికైనా సాధ్యమే. ఫొటో కోసం పిట్టను తరమడం, ఫోనులో దాని కూత వినిపించి రప్పించడం మాత్రం వద్దు. తినాల్సిన సమయాన్ని అది భయంతో పోగొట్టుకుంటుంది.

ఈ నెలల్లో అద్దాల కిటికీకి కొట్టుకుని సొమ్మసిల్లిన పిట్ట మీ బాల్కనీలో దొరకవచ్చు. దాని నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం పోతుంది. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, పిట్టను అందులో ఉంచి, మూసి, పిల్లలకూ పిల్లులకూ అందని చీకటి చోట పెట్టండి. ఒకటి రెండు గంటల తరువాత చెట్ల దగ్గరకు తీసుకెళ్లి మూత తెరవండి. అప్పటికీ ఎగరలేకపోతే అటవీశాఖకు కబురు చేయండి.