సన్నగీత ఎక్కడ తెగుతుంది?

అందరికీ నమస్కారం. డీడో, బోడోనీ అనే ఇంగ్లిషు ఫాంట్ల అక్షరాల్లో నిలువు కాడ బలంగా ఉంటుంది, అడ్డగీత వెంట్రుకంత ఉంటుంది. పత్రిక అట్ట మీద వాటికి అందం తెచ్చేది ఆ తేడాయే. అచ్చులో తంటా తెచ్చేదీ అదే. ఇవాళ తంటా సంగతే మాట్లాడుకుందాం.

18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో ఫిర్మాన్ డీడో, పార్మాలో జాంబటిస్టా బోడోనీ ఈ తరహా అక్షరాలు కోశారు. సీసపు అచ్చుల కాలంలో ప్రతి సైజుకూ అక్షరాన్ని విడిగా కోయాలి కాబట్టి, చిన్న సైజులో సన్నగీతను కాస్త లావు చేసేవాళ్లు. ఫొటో టైప్‌సెట్టింగ్ (ఫిల్ము మీద అక్షరాలు కూర్చే పద్ధతి) వచ్చాక ఒకే బొమ్మను పెంచడం, తగ్గించడం అలవాటై ఆ జాగ్రత్త చాలావరకు పోయింది. 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ పత్రిక కోసం ఫాంట్ల రూపకర్త జోనథన్ హోఫ్లర్ గీసిన డీడో దాన్ని తిరిగి తెచ్చింది. అందులో 6, 11, 16, 24, 42, 64, 96 పాయింట్లకు (పాయింటంటే అచ్చులో సైజు కొలత) వేర్వేరు బొమ్మలున్నాయి.

మీ ఫాంటు ఏ సైజు దాకా ఆగుతుందో లెక్క కట్టడం తేలికే. ఫాంట్ ఎడిటర్‌లో పెద్ద బడి (క్యాపిటల్) హెచ్ అడ్డగీత మందం చూడండి. వెయ్యి యూనిట్ల ఫాంటులో, అంటే అక్షరం సైజును వెయ్యి భాగాలు చేసిన దాంట్లో, అది 10 యూనిట్లనుకుందాం. 96 పాయింట్లలో ఆ గీత 0.96 పాయింటు, దర్జాగా అచ్చవుతుంది. 12 పాయింట్లకు దించితే 0.12. మంచి ఆర్ట్ పేపర్ మీద కూడా 0.25 కంటే కిందికి పోకపోవడం క్షేమం. అంటే ఈ ఫాంటుకు కనిష్ఠ సైజు 25 పాయింట్లు. న్యూస్‌ప్రింట్ అయితే ఇంకా పైనే ఆగాలి.

రంగుల ఫొటో మీద తెల్ల అక్షరాలు వేస్తే కథ మారుతుంది. రంగుల అచ్చులో ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు, ఆ నాలుగు ప్లేట్లూ ఒకే సన్నని సందును ఖాళీగా వదలాలి. 0.25 పాయింటంటే సుమారు 0.09 మిల్లీమీటర్లు, ఒక్క ప్లేటు 0.1 జరిగినా సందు ఇంకుతో పూడిపోతుంది. అక్కడ గీత కనీసం రెట్టింపు ఉండాలి, లేదా ఫాంటే మార్చాలి. కృత్రిమ బోల్డ్ (సాఫ్ట్‌వేర్ తనంతట తాను లావు చేసేది) మాత్రం వద్దు: కాడకీ గీతకీ సమానంగా మందం చేరి, డబ్బు పెట్టి కొన్న తేడాయే పోతుంది. చోటు చాలక అడ్డంగా 80 శాతానికి నొక్కడమూ అంతే. కాడలు చిక్కిపోతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి.

తెర మీద 16 పిక్సెళ్లలో ఆ 10 యూనిట్ల గీతకు దక్కేది 0.16 పిక్సెల్, లేత బూడిద మరక. అందుకే ఆప్టికల్ సైజు అక్షం ఉన్న వేరియబుల్ ఫాంటు, అంటే సైజును బట్టి గీత మందం మార్చుకునే ఫాంటు, ఎంచుకోండి. బోడోనీ మోడా ఉచితంగానే దొరుకుతుంది.

తెలుగు శీర్షికను ఇలాంటి ఇంగ్లిషు శీర్షిక పక్కన పెట్టేటప్పుడు మన అక్షరాలకూ అదే సన్నదనం రుద్దాలనిపిస్తుంది. వ, ప అక్షరాల తేడా చాలావరకు తలకట్టు అతకడంలోనే ఉంది. ఆ అతుకు సన్నబడి తెగితే ‘వడ’ కాస్తా ‘పడ’ అవుతుంది. తెలుగును మధ్యస్థ మందంలో ఉంచి, ఒత్తులకు వరుసల మధ్య ఎడం పెంచండి.