పాత పికప్ బాడీ రిపేరు: ముందు నీళ్ల దారి, తర్వాతే సుత్తి

అందరికీ నమస్కారం.

బండికి సొట్ట పడితే ఎవరికైనా కనబడుతుంది. తుప్పు అలా కాదు. వెనక చక్రం పైన వంపు అంచున రంగు ఆవగింజంత పొక్కులుగా లేచిందంటే, అది తుప్పు మొదలవడం కాదు, లోపలినుంచి రేకును తినేసి బయటపడడం. అందుకే ఈ పూట సుత్తి కన్నా ముందు నీళ్ల సంగతి మాట్లాడదాం.

ఆ వంపు దగ్గర బయటి రేకునూ లోపలి రేకునూ అంచులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటారు. చక్రం ఎగజిమ్మిన బురద లోపలివైపు ఆ అంచు మీదే పేరుకుంటుంది. పైన ఎండినట్టే ఉంటుంది, అడుగున చెమ్మ మాత్రం రోజుల తరబడి ఆరదు. తలుపు కింద పొడవునా ఉండే సిల్ పెట్టెది ఇంకో కథ. నీళ్లు కారిపోవడానికి దాని అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుంటే పెట్టె కాస్తా తొట్టి అవుతుంది. క్యాబిన్ వెనక కింది మూలలు కుళ్లేదీ ఇలాగే. నీళ్లు ఎటునుంచి వచ్చి ఎక్కడ ఆగుతున్నాయో కనిపెట్టకుండా రేకు మార్చితే, కొత్త రేకు కూడా అదే చోట పోతుంది.

పరీక్షకు మూడు వస్తువులు చాలు: స్క్రూడ్రైవరు, పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం, చిన్న సుత్తి. అయస్కాంతం పట్టు సడలిన చోట రంగు కింద పాత పుట్టీ మందంగా ఉన్నట్టు. పొక్కు మీద స్క్రూడ్రైవరు నొక్కితే దిగబడిందా, ఆ చుట్టుపక్కల కూడా రేకు నమ్మదగ్గది కాదు. ఆ తర్వాత బండి కిందికి దూరి, అడుగున ఉండే ఇనుప చట్రమైన ఛాసిస్‌ను సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పొరలుగా ఊడే ఇనుము మొద్దుగా పలుకుతుంది. పికప్‌లో బరువు మోసేది ఎక్కువగా ఛాసిసే కాబట్టి అది దెబ్బతిని ఉంటే బాడీ పని అక్కడే ఆపి, ముందు దాని సంగతి తేల్చాలి. ఛాసిస్ మీద పుట్టీ పూసి రంగు కొట్టడం రిపేరు కాదు, మోసం.

చాలా పికప్‌లలో వెనక సామాను వేసే తొట్టిని ఆరో ఎనిమిదో బోల్టులు మాత్రమే పట్టి ఉంచుతాయి. వంపుల పని ఎక్కువగా ఉంటే దాన్ని దింపడమే మేలు, లోపలివైపు చేతికి అందుతుంది. బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ పట్టించి ఉంచండి. దింపేముందు డీజిలు గొట్టం మూతి, వెనక లైట్ల వైరు, ఎర్త్ వైరు విప్పాలి. తొందరలో మరిచిపోయేది ఆ ఎర్త్ వైరునే. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తీసేయండి. తొట్టి దిగాక ఇంధన ట్యాంకు బయటపడుతుంది. దాని దగ్గర నిప్పురవ్వ ఎగిరే పని ఏదైనా ఉంటే ట్యాంకును కూడా దించి దూరంగా పెట్టాకే మొదలుపెట్టండి.

ఇక సొట్ట. గుంట నడిమధ్యన ఫట్‌మని కొట్టాలనే అందరికీ అనిపిస్తుంది, పని పాడయ్యేదీ అక్కడే. సొట్ట చుట్టూ గట్టుగా లేచిన మడత ఉంటుంది. గుంటను లోపల బిగించి పట్టుకున్నది అదే. దెబ్బ తగిలినప్పుడు ఆఖరున పడిన మడతను ముందు విప్పాలి. గుంట కింద డాలీ (చేత్తో పట్టుకునే బరువైన ఇనుప దిమ్మ) ఆనించి పైకి ఎత్తిపట్టి, పక్కనున్న గట్టు మీద సుత్తితో తేలిగ్గా తట్టుకుంటూ రావాలి. సుత్తి, డాలీ ఎదురెదురుగా రేకును నలిపితే రేకు సాగుతుంది. సాగిన రేకు వేలితో నొక్కితే లోపలికి పోయి, వదిలితే టక్కుమని బయటికొస్తుంది. ఇక దాన్ని వేడిచేసి కుదించాల్సిందే, కొత్తవాళ్ల చేతికి అంత సులువుగా లొంగే పని కాదది. ఎంతవరకు సమమైందో కన్ను సరిగ్గా చెప్పదు. పల్చటి గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, బాగున్న చోటినుంచి సొట్ట మీదుగా అవతలి బాగున్న చోటిదాకా నిమరండి. అర మిల్లీమీటరు తేడా కూడా చేతికి తెలుస్తుంది.

తుప్పుతో చిల్లు పడిన చోట జాలీ పెట్టి పుట్టీ నింపేసే అలవాటు ఎక్కువ. పాలియెస్టర్ పుట్టీ చెమ్మను పీలుస్తుంది. వెనకనుంచి నీళ్లు తగులుతూనే ఉంటాయి కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ పొక్కు లేస్తుంది. గట్టి రేకు తగిలేదాకా, ఆపైన ఇంకో 25 మిల్లీమీటర్లు కోసేయండి. అతుకు మూలలు గుండ్రంగా ఉండాలి, వేడి మూలలో పోగుపడకుండా. అతుకు రేకు మందం పాతదానితో సమానంగా ఉండాలి, మామూలుగా 0.8 నుంచి 1 మిల్లీమీటరు. బయటికి కనిపించే భాగంలో రేకు మీద రేకు ఎక్కించకండి, ఆ రెండింటి మధ్య సందే మళ్లీ నీళ్లకు ఇల్లు. అంచుకు అంచు ఆనించి, రేకు మందమంత సందు వదిలి అతకండి. సిల్ కోస్తుంటే ముందు తలుపు సందులు కొలిచి రాసుకుని, తలుపు గుమ్మానికి అడ్డంగా కడ్డీ వెల్డు చేసి పెట్టండి. లేకపోతే క్యాబిన్ వాలి, చివరికి తలుపు పడదు.

మిగ్ (తుపాకీలోంచి తీగ దానంతటదే వచ్చే) వెల్డింగ్‌కు 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు సరిపోతాయి. గీత లాగినట్టు వెల్డు చేయకూడదు. ఒక చుక్క పెట్టి, దానికి దూరంగా ఇంకొకటి, తర్వాత వాటి మధ్యన మరొకటి. ప్రతి చుక్కా చల్లారేదాకా ఆగాలి. వెల్డు చల్లారుతూ కుంచించుకుపోయి రేకును లాగుతుంది, అలలు లేచేది అందుకే. ఆ చుక్కల మీద డాలీ ఆనించి తట్టితే కుంచించుకున్నది కాస్త సాగి సర్దుకుంటుంది. ఇక్కడ మాత్రం రేకు సాగడమే మనకు కావాలి. జింకు పూత ఉన్న రేకయితే వెల్డు చేసే చోట పూత గీకేయండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

పుట్టీ విషయంలో నా మాట: మందం 3 మిల్లీమీటర్లు దాటుతోందంటే రేకు పని ఇంకా అవ్వలేదని అర్థం. శుభ్రంగా తుడిచి, 80 నంబరు ఎమరీతో గీతలు పడేలా రుద్దిన రేకు మీదో, ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీదో వేయండి. యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమర్ మీద వద్దు, పట్టదు. 100 గ్రాముల పుట్టీకి దాదాపు 2 గ్రాముల హార్డెనర్, అంటే పుట్టీని గట్టిపరిచే మందు. హార్డెనర్ ట్యూబును ముందు బాగా పిసకండి. ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడుతుంది కానీ, అందులో మిగిలిన పెరాక్సైడ్ రంగులోకి పాకి మరకలు పడతాయి. గిలక్కొట్టి కలపకండి, పలక మీద నొక్కుతూ కలపండి. గాలిబుడగలే తర్వాత సూదిబెజ్జాలవుతాయి. చేతిలో నాలుగైదు నిమిషాల సమయమే ఉంటుంది. రుద్దడం పొడిగానే, బ్లాకు పట్టుకుని, 80తో మొదలుపెట్టి 180కి. వేళ్లతో రుద్దితే వేళ్ల గాడులు పడతాయి.

ఆపైన రెండు మూడు పూతలు ఫిల్లర్ ప్రైమర్, సన్నటి గీతలను నింపే అడుగు పూత. ఒక్కో పూత మధ్య అది మసకబారేదాకా ఆగండి. ఆగకపోతే లోపల చిక్కిన థిన్నరు నెలల తర్వాత ఎమరీ గీతలను పైకి చూపిస్తుంది. హార్డెనర్ కలిపే ప్రైమర్లలో, రంగుల్లో ఐసోసయనేట్ అనే హానికరమైన రసాయనం ఉంటుంది. దాన్ని దుమ్ము మాస్కు ఆపదు, బయటినుంచి గాలి అందే మాస్కు కావాలి. రంగు గురించి ఒక్కమాటే: పాత బండి రంగు ఎండకు వెలిసి ఉంటుంది, బండి రంగు కోడ్ ప్రకారం కలిపినా కలవదు, కాబట్టి పక్క ప్యానెల్ మీదికి కాస్త పల్చగా కలుపుకుంటూ పోవాలి.

రంగు పూర్తిగా ఆరాక సిల్ పెట్టెల్లోకి నీళ్లు పోసి చూడండి. ప్రతి రంధ్రం నుంచీ కారాలి. రెండ్రోజులు ఆరనిచ్చి, పొడవాటి గొట్టంతో వెల్డు వెనక, వంపు అంచున, పెట్టెల లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపలివైపు కొట్టే మైనం) కొట్టండి. వెల్డింగ్ వేడికి లోపలివైపు రక్షణ పూత కాలిపోయి ఉంటుంది, దాని స్థానంలో ఇక ఇదే. మర్నాడు తీగ తీసుకుని రంధ్రాలన్నీ ఒక్కసారి పొడవండి, వ్యాక్స్ వాటిని కూడా మూసేస్తుంది.