ఈస్ట్ పెరిగిందంటే ముందు అడగవలసిన ప్రశ్న

నమస్కారం. ఉదయం లేవగానే గ్లాసెడు నీళ్లలో ఉమ్మి వేసి చూడమని, అందులో దారాల్లాంటి తీగలు కిందికి దిగితే ఒళ్లంతా ఈస్ట్ పాకినట్టేనని చెప్పే వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ తీగలు లాలాజలంలో సహజంగా ఉండే జిగురు వల్ల ఏర్పడతాయి. పూర్తి ఆరోగ్యంతో ఉన్నవారి ఉమ్మిలోనూ కనిపిస్తాయి. ఆ గ్లాసును చూసి భయపడి, నెలల తరబడి నోరు కట్టుకుని బతుకుతున్నవారిని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

క్యాండిడా ఆల్బికాన్స్ అనే ఈ ఈస్ట్ చాలామంది నోట్లో, పేగుల్లో, స్త్రీల జననాంగంలో ఏ హానీ చేయకుండా నివసిస్తుంది. పక్కనే ఉండే మేలు చేసే బాక్టీరియా, మన రోగనిరోధక శక్తి కలిసి దాన్ని అదుపులో ఉంచుతాయి. యాంటీబయాటిక్ వాడినప్పుడు ఆ బాక్టీరియా చనిపోతుంది గానీ, శిలీంధ్ర జాతికి చెందిన ఈస్ట్‌కు మాత్రం ఏమీ కాదు. కాపలా తొలగిన చోట గుండ్రటి ఈస్ట్ కణం పొడవాటి తంతువులా సాగి పైపొరలోకి చొచ్చుకుపోతుంది. అప్పుడది విడుదల చేసే క్యాండిడాలైసిన్ అనే విషపదార్థాన్ని శాస్త్రవేత్తలు 2016లో వెల్లడించారు.

నోట్లో అయితే నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలలాంటి తెల్లటి పొర ఏర్పడుతుంది. దాన్ని తుడిస్తే ఊడివచ్చి, కింద ఎర్రగా, మంటగా ఉంటుంది. స్త్రీలలో విపరీతమైన దురద, మంట, పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట కనిపిస్తాయి. ప్రతి నలుగురు స్త్రీలలో దాదాపు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది కనుక ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

సాధారణంగా తగిన మందుతో ఇది తగ్గిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం, ఈస్ట్‌ను ఎలా చంపాలన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, అసలు ఎందుకు పెరిగిందని అడగాలి. అదుపులో లేని మధుమేహం ఒక ముఖ్య కారణం. కొందరిలో రోగం బయటపడేది ఈ దురదతోనే. మధుమేహానికి ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి కాబట్టి, అవి వాడేవారికి జననాంగాల వద్ద ఈస్ట్ సోకే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మకపోవడం, కట్టుడు పళ్లు తీయకుండానే నిద్రపోవడం కూడా కారణాలే. ఏ కారణమూ దొరకని పెద్దవారి నోట్లో ఈ తెల్లపొర కనిపిస్తే హెచ్ఐవీ పరీక్ష చేయించడం మంచిది.

ఇక అలసట, తలనొప్పి, దిగులు, మతిమరుపు అన్నిటికీ ఈస్టే మూలమన్న వాదన 1980లలో బాగా ప్రచారం పొందింది. దాన్ని పరీక్షిస్తూ 42 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం 1990లో ప్రచురితమైంది. ఈస్ట్‌ను చంపే నిస్టాటిన్ జననాంగ లక్షణాలను తగ్గించింది గానీ, ఒంటికీ మనసుకూ సంబంధించిన బాధల విషయంలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదు. అంతమాత్రాన ఆ బాధలు కల్పితమని నేను అనడం లేదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, కుంగుబాటు వంటివాటికి వైద్యం అందవలసిన కాలం ఈ ఈస్ట్ వేటలో గడిచిపోతోందన్నదే నా ఆవేదన.

ఈస్ట్ రక్తంలోకి చేరితే అది ప్రాణాంతకమే. అయితే ఆ పరిస్థితి ఎక్కువగా ఐసీయూలో ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారికి ఎదురవుతుంది. ఇంటి చిట్కాలతో కనిపెట్టేది కాదు.

దురద వచ్చిన ప్రతిసారీ అది ఈస్ట్ అనుకుని సొంతంగా మందు రాసుకోకండి. వైద్యులు ఆ చోటి నుంచి కొద్దిగా స్రావం తీసి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఈస్ట్ సోకితే మొగ్గ తొడిగిన కణాలు, వాటి తంతువులు చాలావరకు అక్కడే కనిపిస్తాయి. ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్‌తో సహా మీరు వాడుతున్న మందులన్నిటి పేర్లూ రాసి పట్టుకెళ్లండి.